మేడారం గద్దెల ముందు ఏ పుస్తకం తెరుస్తారు?

ఉత్తర తెలంగాణ న్యాయ కళాశాలల పాఠ్య ప్రణాళికలను నిర్ణయించే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

మత చట్టాలు, మత స్వేచ్ఛ అనే ఐచ్ఛిక పేపరును సిలబస్ నుంచి తీసేయాలన్న ప్రతిపాదన మీ ముందుకు వస్తోందని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను హనుమకొండలో ప్రాక్టీసు చేస్తున్న న్యాయవాదిని, ఒకప్పుడు ఆ పేపరు చదివిన విద్యార్థిని. అది ఏ కళాశాలలో అన్నది ఇక్కడ అప్రస్తుతం. ఈ పక్క జిల్లాల్లో చాలాచోట్ల పరిస్థితి ఇలాగే ఉంది. పాఠం చెప్పే సార్ రిటైరయ్యారు, ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. ఎంచుకునే పిల్లలు తక్కువని, ఫ్యామిలీ లా ఎలాగూ తప్పనిసరి సబ్జెక్టేనని, మతం గొడవలు తరగతి గదిలోకి ఎందుకని మూడు కారణాలు చెబుతున్నారట. మొదటిది నిజమే. మిగతా రెండింటి గురించి మీతో మాట్లాడాలి.

మా సార్ తన ఉద్యోగ జీవితమంతా ఈ ఒక్క విషయానికే పెట్టారు. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఆయన తరగతి ఎలా ఉండేదో చెబితే ఫ్యామిలీ లా పేపరుకూ దీనికీ తేడా తెలుస్తుంది.

బోర్డు మీద ఒక ఇల్లు గీసేవారు. హనుమకొండలో ఇల్లు, ఖరీదు 24 లక్షలు, తండ్రి స్వార్జితం. వీలునామా రాయకుండా ఆయన పోయాడు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. కూతురికి ఎంత వస్తుంది? హిందూ కుటుంబమైతే 1956 వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ తలా 8 లక్షలు. క్రైస్తవ కుటుంబమైతే 1925 నాటి భారత వారసత్వ చట్టం కింద భార్యకు మూడో వంతు, మిగిలింది పిల్లలకు సమానంగా, అంటే మళ్లీ తలా 8 లక్షలే. సున్నీ ముస్లిం కుటుంబమైతే భార్యకు ఎనిమిదో వంతు 3 లక్షలు, మిగిలిన 21 లక్షల్లో కొడుక్కి 14, కూతురికి 7. ఇంతవరకు గైడ్లలోనూ ఉంటుంది. అప్పుడు సార్ ఆ ఇంటి పక్కనే ఇంకో ఇల్లు గీసి, ఇది లంబాడా కుటుంబానిది, చెప్పండి అనేవారు. చెయ్యెత్తేవాళ్లు ఉండేవారు కాదు. హిందూ వారసత్వ చట్టంలో సెక్షన్ 2(2) ఉంది. కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే తప్ప షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. మరి ఏది వర్తిస్తుంది? ఆచారం. ఆ ఆచారం ఏమిటి? ఏ పుస్తకంలో రాసి ఉంది? ఎవరు చెప్పాలి? ఎలా రుజువు చేయాలి? ఆ తర్వాత బోర్డు మీది ఇంటిని చెరిపేసి అక్కడ పొలం గీసేవారు. 1937 షరియత్ చట్టం తీసి, వ్యవసాయ భూమిని అది ఎలా మినహాయించిందో చదివించి, ఏ ప్రాంతంలో ఏ సవరణ వచ్చిందో వెతుక్కు రమ్మని లైబ్రరీకి పంపేవారు. ఒక ఇంటితో, ఒక పొలంతో రెండు వారాలు గడిచేవి.

ఆ లంబాడా ఇల్లు నాకు కోర్టులో ఎదురైంది. ములుగు వైపు ఒక తండా నుంచి ఒక ఆడబిడ్డ వచ్చి, "మా నాయిన కట్టిన ఇంట్ల నాకు పాలు రాదా మేడమ్?" అని అడిగింది. భాగపంపిణీ దావా వేశాం. అవతలి పక్షం జవాబు రెండు పేరాలే. మేము షెడ్యూల్డు తెగవాళ్లం, 2(2) ప్రకారం హిందూ వారసత్వ చట్టం మాకు లేదు, మా ఆచారంలో ఆడపిల్లకు వాటా లేదు. మొదటి రెండు మాటలు సరే. మూడో మాటను రుజువు చేయమన్నాం. పాత పంచాయతీ కాగితాలు వెతికించాం, తండా నాయక్‌ను, పెద్దమనుషులను సాక్షులుగా పిలిపించాం, పెళ్లప్పుడు ఎవరికి ఏం ఇచ్చారో, అన్నదమ్ములు లేని ఇళ్లలో ఏం జరిగిందో అడిగించాం. కేసు ఇంకా నడుస్తోంది. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఒక స్పష్టత ఇచ్చింది. ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారం ఉందని ముందే అనుకోవడానికి వీల్లేదు, అలాంటి ఆచారం రుజువు కానప్పుడు సమానత్వం వైపే నిలబడాలి అంది. ఆ తీర్పు చదివి సంతోషించాను. ఆ తీర్పు రాకముందే, ఆచారాన్ని రుజువు చేయాల్సింది ఎవరు, ఎలా అని అడగడం నాకు నేర్పింది మాత్రం మీరు తీసేద్దామనుకుంటున్న పేపరే. వరంగల్, ములుగు, మహబూబాబాద్, భూపాలపల్లి, ఆదిలాబాద్ కోర్టుల్లో పనిచేయబోయే వకీళ్లకు ఇది ఐచ్ఛికం ఎలా అవుతుంది?

ఇక మత స్వేచ్ఛ సంగతి. 1954లో ఉడుపి శిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చింది. ఒక మతానికి ఏది ముఖ్యమైన భాగమో ప్రధానంగా ఆ మత సిద్ధాంతాలను బట్టే తేల్చాలని, దేవుడికి ఏ వేళకు ఏ నైవేద్యం పెట్టాలన్నది కూడా మత విషయమేనని చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ బి.కె. ముఖర్జీ హిందూ మత, ధర్మాదాయ ట్రస్టుల చట్టం మీద టాగూర్ లా లెక్చర్లు ఇచ్చిన పండితుడు. ఆ తర్వాత 1961లో అజ్మీర్ దర్గా కేసులో ఇదే సూత్రం ఇంకాస్త బిగిసింది. మూఢనమ్మకాల వల్ల చేరిన ఆచారాలు మతంలో ముఖ్య భాగం కాలేవని, వాటిని కోర్టు జల్లెడ పడుతుందని అన్నారు. అప్పటి నుంచి ఏది ముఖ్యం, ఏది కాదు అన్న పరీక్ష మన కోర్టుల్లో నడుస్తూనే ఉంది. శబరిమల వ్యవహారం 2019లో విస్తృత ధర్మాసనానికి వెళ్లింది కూడా ఈ పరీక్ష చుట్టూ తిరిగే ప్రశ్నల మీదే.

ఆ తీర్పులన్నీ చెప్పాక మా సార్ ఒక రోజు అడిగిన ప్రశ్న ఇది. మఠానికి శాస్త్రం ఉంది, దర్గాకు సనదులు, అంటే పాలకులిచ్చిన హక్కు పత్రాలు ఉన్నాయి, చర్చికి బైబిలు ఉంది. మేడారం గద్దెల ముందు జడ్జి ఏ పుస్తకం తెరుస్తాడు?

ఆలోచించండి. సమ్మక్క సారలమ్మలకు విగ్రహాల్లేవు. చిలకలగుట్ట మీద వడ్డెలనే కోయ పూజారులు చేసే పూజ బయటివాళ్లు చూసేది కాదు. అమ్మ గుట్ట దిగి కుంకుమ భరిణె రూపంలో గద్దెకు వస్తుంది. అప్పుడు జిల్లా ఎస్పీ గాలిలోకి తుపాకీ పేల్చి ప్రభుత్వం తరఫున స్వాగతం పలుకుతారు. 1996 నుంచి అది రాష్ట్ర పండుగ. ఏర్పాట్లలో దేవాదాయ శాఖ ఉంటుంది. జాతర అయ్యాక హుండీలు హనుమకొండకు తెచ్చి టీటీడీ కల్యాణ మండపంలో లెక్కిస్తారు. ఇందులో మతం ఎక్కడ, పరిపాలన ఎక్కడ? రాజ్యాంగంలోని ఆర్టికల్ 26 ఇచ్చిన, తమ మత వ్యవహారాలు తామే నిర్వహించుకునే హక్కు ఇక్కడ ఎవరిది? కోయ వడ్డెలదా, జాతరకు తరలివచ్చే భక్తజనందా? 1987 నాటి దేవాదాయ చట్టం హిందూ ధార్మిక సంస్థల కోసం చేసింది. కోయల ఆరాధనను ఆ చట్టం కొలబద్దతో కొలవవచ్చా? పుస్తకం లేని మతానికి ముఖ్య భాగం ఏదో చెప్పేది ఎవరు? రేపు ఎవరైనా గద్దెల ఆకారం మారుస్తామన్నా, పూజల వేళ మారుస్తామన్నా ఈ ప్రశ్నలన్నీ హైకోర్టు ముందుకు వస్తాయి. వాటికి జవాబు ఢిల్లీ నుంచో బెంగళూరు నుంచో వచ్చే పుస్తకంలో దొరకదు. తాడ్వాయి దారిలో నడిచి, వడ్డెల ఇళ్లలో కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నవాడి దగ్గర దొరుకుతుంది. సార్ ఆ పని చేశారు. కేస్లాపూర్ నాగోబా దగ్గర మెస్రం వంశస్తుల పూజల గురించి, కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ గురించి, దర్బారు గురించి, రాయ్ సెంటర్లలో గోండు పెద్దలు తగవులు తీర్చే తీరు గురించి నోటు పుస్తకాల నిండా రాసుకున్నారు. ప్రశ్న, ఎదురుగా జవాబు, చెప్పిన మనిషి వయసు, ఊరు, విన్న తేదీ, అంచున ఎర్ర సిరాతో దానికి సంబంధించిన సెక్షన్. నేను వాటిని చూశాను. మత చట్టం మీద రాసిన పుస్తకాలు చాలానే చదివాను, ఇంత నిక్కమైన పని ఎక్కువ చూడలేదు.

అమెరికా తీర్పులు కూడా చెప్పేవారు. 1972లో ఆమిష్ అనే క్రైస్తవ శాఖకు చెందిన తల్లిదండ్రులు తమ పిల్లలను ఎనిమిదో తరగతి తర్వాత బడికి పంపబోమంటే అక్కడి సుప్రీంకోర్టు ఒప్పుకుంది. 1990లో పెయోటీ అనే మొక్కను తమ ఆరాధనలో వాడిన ఆదివాసీ చర్చి సభ్యుల విషయంలో, అందరికీ వర్తించే చట్టం వాళ్లకూ వర్తిస్తుందని తేల్చింది. దాని మీద నిరసన వస్తే 1993లో వాళ్ల పార్లమెంటు మత స్వేచ్ఛకు రక్షణగా ఇంకో చట్టం చేసింది. అక్కడి కోర్టు ఆ నమ్మకం నిజాయితీగా ఉన్నదేనా అని చూస్తుంది కానీ, నీ మతంలో ఇది ముఖ్యమా కాదా అనే తీర్పు చెప్పడానికి వెనకాడుతుంది. మన కోర్టు ఆ తీర్పు చెబుతుంది. రెండు దారుల్లోనూ లాభనష్టాలున్నాయి. మేడారానికి ఏ దారి నయమో మీరే వాదించండి అని తరగతిని రెండుగా చీల్చేవారు.

తరగతి గదిలో మతం గొడవలు ఎందుకన్నారు కదా. ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. మూట్ కోర్టులో, అంటే విద్యార్థుల నమూనా కోర్టులో, తన మతం పక్షాన ఎవరూ వాదించకూడదు. దేవాలయ అర్చకుల తరఫున ముస్లిం పిల్ల వాదించాలి. వక్ఫ్ ఆస్తులు చూసే ముతవల్లీ తరఫున బ్రాహ్మణ పిల్లవాడు వాదించాలి. జాతీయ గీతం పాడని యెహోవా సాక్షుల పిల్లల కేసు నాకు వచ్చింది. కేరళలో ముగ్గురు పిల్లలు గీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, కానీ తమ విశ్వాసం వల్ల పాడేవారు కాదు. బడి వాళ్లను పంపించేసింది. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, మన తత్వం సహనం బోధిస్తుంది, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుంది, దాన్ని పలచన చేయవద్దు అని ఆయన ఆ తీర్పును ముగించారు. ఆ కేసు వాదించడానికి నేను ఆ విశ్వాసం గురించి నెల రోజులు చదివాను, ఆ సంఘం పెద్ద ఒకాయనతో మాట్లాడాను. అవతలివాడి నమ్మకాన్ని అవతలివాడి మాటల్లోనే చెప్పగలిగేదాకా సార్ మమ్మల్ని మాట్లాడనిచ్చేవారు కాదు. వాట్సాప్‌లో మతం గురించి రోజూ ఏమేం తిరుగుతున్నాయో మీకూ తెలుసు. న్యాయ విద్యార్థులు ఆ విషయాన్ని పద్ధతిగా, ఆధారాలతో మాట్లాడే చోటు కాలేజీలో ఇదొక్కటే ఉండేది. గొడవలకు భయపడి మీరు మూసేస్తున్నది ఆ చోటునే.

డోర్నకల్ సంగతి కూడా చెప్పాలి. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య పనిచేసింది అక్కడే, ఆయన కట్టించిన కేథడ్రల్ ఇప్పటికీ ఉంది. ఆ చుట్టుపక్కల ఎన్నో దళిత కుటుంబాలు తరాలుగా చర్చికి వెళ్తున్నాయి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఆ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. ఇంటికి ఆదివారం ఒక మతం, మండల ఆఫీసులో ఇంకో మతం అయ్యే పరిస్థితి ఎక్కడి నుంచి వచ్చిందో, మతం మారినవాడు తిరిగి వస్తే కులం వాళ్లు ఒప్పుకోవాలని గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో 1976లో సుప్రీంకోర్టు ఎందుకు అన్నదో మా సార్ ఓపికగా చెప్పేవారు. తరగతి బెంచీల్లో ఆ కుటుంబాల పిల్లలు కూర్చుని ఉండేవారు. ఒక్కరినీ నొప్పించకుండా, ఒక్క వాస్తవాన్నీ దాచకుండా ఆ పాఠం చెప్పడం మామూలు పని కాదు. గైడు చేతికిచ్చి, గంటల లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైమ్ లెక్చరర్‌తో చెప్పించేస్తామంటే కుదరదు. ఆ లెక్చరర్ తప్పేమీ లేదు. ఆయనకు మూడు కాలేజీల్లో ఆరు పేపర్లు.

ఈ చదువు అక్కరకు రావడం రోజూ చూస్తున్నాను. ఖులా, అంటే భార్య కోరి తీసుకునే విడాకులు, తీసుకున్న ఆడవాళ్లు కాగితం పట్టుకుని వస్తారు. భర్త సంతకం లేదు కదా, ఇది చెల్లదు అని వాళ్లను తిప్పి పంపే వకీళ్లున్నారు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఖులాకు భర్త సమ్మతి అక్కర్లేదని, మత పండితుడైన ముఫ్తీ అభిప్రాయం సలహా మాత్రమేనని చెప్పింది. అంతకు ముందు 2024లో హైదరాబాద్ దారుల్‌షిఫా ఇబాదత్ ఖానాలో అఖ్బారీ షియా మహిళలు ప్రార్థన చేసుకునే హక్కును నిలబెట్టింది. రెండు తీర్పుల్లోనూ ఖురాన్ ఏం చెబుతోందో చూశారు. వక్ఫ్ చట్టానికి 2025లో సవరణలు వచ్చాయి, కొన్నింటిని అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు నిలిపివేసింది. దేవుడి మాన్యాలు, ఇనాం భూముల తగాదాలు మన కోర్టుల్లో ఏనాడూ తగ్గలేదు. ఆ ఫైళ్ల అడుగున నిజాం కాలం నాటి ఉర్దూ కాగితాలుంటాయి. వాటిని చదవడానికే సార్ ఉద్యోగంలో చేరాక ఉర్దూ నేర్చుకున్నారు. ఇప్పటికీ మాలో ఎవరికైనా పాత సనదు చేతికొస్తే ఆయన ఇంటికే పోతాం.

ఇది కొత్త సంగతేమీ కాదు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్య రాశాడు. అప్పుడు హనుమకొండను ఏలిన కాకతీయులు వాళ్లకు సామంతులు. ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు అని ఆయన రాసిన మాట మీదే మన భాగపంపిణీ దావాలు శతాబ్దాలు నడిచాయి. 13వ శతాబ్దంలో కేతన దాన్ని తెలుగులోకి తెచ్చాడు. ఆ హక్కు ఆడపిల్లలకూ ఇవ్వాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేలా చట్టం చేస్తే, కేంద్రం ఆ పని చేయడానికి 2005 దాకా పట్టింది. అంత పాత చర్చ, అంత ముందు చూపు ఉన్న నేల ఇది. బొంబాయిలో వకీలుగా ఉంటూనే పాండురంగ వామన కాణే ధర్మశాస్త్రాల చరిత్రకు 30 ఏళ్లకు పైగా వెచ్చించారు. దేశం ఆయనకు 1963లో భారతరత్న ఇచ్చింది. ఒక మనిషి జీవితకాలం పట్టే చదువు ఇది. అలాంటి జీవితం మన మధ్యే ఒకటి గడిచింది. దాని ఫలితాన్ని అందుకునే కుర్చీ ఖాళీగా ఉంది.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పేపరును తీసేసే ప్రతిపాదనను ఈసారి ఎజెండాలోంచి తప్పించండి. ఐచ్ఛికంగానే ఉంచండి, కానీ ఉత్తర తెలంగాణ ఆచార చట్టాలను, ముఖ్యంగా సెక్షన్ 2(2), ఆచారాన్ని రుజువు చేసే పద్ధతి, గిరిజన ఆరాధనలు, దేవాదాయ చట్టం, వీటిని ఫ్యామిలీ లాలో తప్పనిసరి అధ్యాయంగా చేర్చండి. ఖాళీని భర్తీ చేసేటప్పుడు ఈ విషయం మీద పరిశోధన చేసినవారిని తీసుకోండి. వాళ్లు మన జిల్లాల్లో తిరగడానికి ఏడాదికి ఇంత అని కేటాయించండి. సార్ నోటు పుస్తకాలను లైబ్రరీ తీసుకుని స్కాన్ చేయించాలి. ఇవ్వడానికి ఆయన సిద్ధంగా ఉన్నారు. అడగడానికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు.

భర్తీ అయ్యేదాకా పాఠాలు ఆగకూడదు. ఆయన దగ్గర చదువుకుని హనుమకొండ, జనగామ, ములుగు, ఆదిలాబాద్ కోర్టుల్లో పనిచేస్తున్న వాళ్లం కొందరం శనివారాలు వచ్చి జీతం లేకుండా చెబుతాం. టైమ్ టేబుల్ మీరు వేయండి. మీ సమావేశానికి ముందు ఒక్క అరగంట సార్‌ను పిలిచి మాట్లాడించండి. ఆయన రిక్షా దిగి మెట్లెక్కలేరు, కింద గదిలో ఏర్పాటు చేయండి. నేను వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
హనుమకొండ బార్ నుంచి ఒక న్యాయవాది